నడివయసున మొదలయ్యే ఆయాసము – కారణములు

చిన్ననాట ఏ ఉబ్బసమూ ఎరుగని మనిషికి నలభై ఏండ్లు దాటిన పిమ్మట మెట్లెక్కితే ఊపిరి అందకపోవడం మన బొగ్గుబావుల ప్రాంతమున క్రొత్త కాదు. దానిని మనము "దమ్ము" అంటాము. ఉర్దూలో దమ్ అనగా ఊపిరి, దమా అనగా ఉబ్బసము. రెండు భాషలవారికీ తెలిసిన ఈ ఒక్క మాట చాటున అనేక వ్యాధులు దాగియున్నవి. ఆయాసము వ్యాధి కాదు, వ్యాధి లక్షణము. కారణము తెలిసినగాని తగిన చికిత్స జరుగదు.

మొదటి కారణము దుమ్ము. సింగరేణిలో 1889లో బొగ్గు ఉత్పత్తి ప్రారంభమైనది. నేడు రామగుండము, గోదావరిఖని పరిసరములలో భూగర్భ గనులతో పాటు ఓపెన్‌కాస్టు గనులు కూడ ఉన్నవి. కంటికి కనిపించే దుమ్మును చాలవరకు ముక్కు, గొంతు అడ్డగిస్తాయి. సుమారు 5 మైక్రాన్లకంటె చిన్న రేణువులు మాత్రము ఊపిరితిత్తులలోని గాలిగదుల వరకు చేరుతాయి. అచ్చటి రక్షక కణములు వానిని మ్రింగగలవే గాని హరింపజాలవు. ఏండ్ల తరబడి పేరుకొన్న దుమ్ము వలన ఊపిరితిత్తులు మచ్చలు పడి గట్టిపడుతాయి. ఇదియే న్యూమోకోనియోసిస్. రాతిపొరలకు రంధ్రములు వేసేవారికి సిలికా దుమ్ము వలన సిలికోసిస్ రావచ్చును. వారికి క్షయ సోకే ప్రమాదము కూడ హెచ్చు. ఇవి పదవీ విరమణ తరువాత సైతము బయటపడవచ్చును. గట్టిపడిన భాగము తిరిగి యథాస్థితికి రాదు కనుక నివారణమే ముఖ్యము.

రెండవది పొగ. బీడీ, చుట్ట, సిగరెట్టు శ్వాసనాళములను శాశ్వతముగా ఇరుకు చేస్తాయి. గనిలో ఏనాడూ అడుగిడని గృహిణికి కట్టెల పొయ్యి, బొగ్గుల కుంపటి పొగ అదే హాని చేయగలదు. పొగ త్రాగనివారిలో సైతము బొగ్గు దుమ్ము ఈ వ్యాధిని కలిగించగలదు. కావున "బీడీ త్రాగినాడు, అనుభవిస్తున్నాడు" అని ఎవరినీ త్రోసివేయరాదు.

మూడవది పెద్దవయసులో వచ్చే ఉబ్బసము. ఇది వచ్చి పోతూ, రాత్రివేళ పిల్లికూతలతో బాధిస్తుంది. సెలవు దినములలో తగ్గి, పనిలో చేరగానే హెచ్చినచో పనిచోటును అనుమానించవలెను. ఇన్‌హేలరు అలవాటైపోతుందను భయము నిరాధారము.

ఇక పడుకొన్నప్పుడు ఆయాసము హెచ్చి కాళ్ళు వాచినచో గుండె బలహీనత కావచ్చును. రక్తహీనత వలన కూడ ఆయాసము కలుగుతుంది. రెండు వారములు మించిన దగ్గు, సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట ఉన్నచో క్షయ కొరకు కళ్ళె పరీక్ష చేయించవలెను.

అన్నిటినీ "దమ్ము" అని సరిపెట్టినచో క్షయరోగికి సకాలములో మందు అందదు. గని కార్మికునికి న్యాయమైన పరిహారము అందదు. 1952 నాటి గనుల చట్టము క్రింద న్యూమోకోనియోసిస్ ప్రభుత్వమునకు తెలియజేయవలసిన వ్యాధిగా ప్రకటింపబడినది. వృత్తివ్యాధులకు నష్టపరిహారము కార్మికుని హక్కే గాని ఎవరి దయాధర్మమూ కాదు. అయితే దానికి ఋజువు కావలెను.

విద్యార్థులమైన మనము చేయదగినది ఒకటున్నది. మన తండ్రులు ఏ గనిలో, ఏ పనిలో, ఎన్నేండ్లు ఉన్నారో ఒక కాగితముపై వ్రాయుదము. పాత ఎక్స్‌రేలను భద్రపరచుదము. ఊపిరి కొలిచే స్పైరోమెట్రీ పరీక్షకు వెళ్ళునప్పుడు వానిని వైద్యుని ముందుంచుదము. కాంట్రాక్టు కార్మికుల ఇండ్లలో ఈ పని మరింత అవసరము. వారి సర్వీసు వివరములు తరచు వారి జ్ఞాపకములోనే మిగులుతున్నవి.