అడుగులకు అందని వ్యాయామం

ఒక కొలతను అందరికీ వర్తింపజేసే ముందు, అది ఎవరిని దృష్టిలో ఉంచుకొని ఏర్పడినదో తెలుసుకోవడం అవసరం. 1965లో జపానులో నడుముకు తగిలించుకొనే చిన్న పరికరమొకటి అమ్మకానికి వచ్చింది. దాని పేరు ‘మన్పోకే’, అనగా పదివేల అడుగుల మాపకం. రోజుకు పదివేల అడుగులు నడవాలన్న మాట లోకంలో నాటుకొనడానికి ఆ పేరే మూలం. నేడు ఆ లెక్క సెల్‌ఫోనులోను, చేతి గడియారంలోను స్థానం సంపాదించింది. అయితే చక్రాల కుర్చీని తన చేతులతో తోసుకొంటూ మైలు దూరం వెళ్ళి వచ్చిన వ్యక్తి శ్రమ అడుగుల లెక్కకు అందదు.

ఈ పరికరాలలో యాక్సెలరోమీటర్ అనే త్వరణ మాపకం ఉంటుంది. సిలికాన్‌తో చెక్కిన అతి సూక్ష్మమైన ముద్ద ఒకటి సన్నని స్ప్రింగుల ఆధారంతో వేలాడుతూ ఉంటుంది. చేయి కదిలినప్పుడు ముద్ద స్వల్పంగా జరుగుతుంది. దానితో పక్కనున్న పలకల మధ్య విద్యుత్ ధారణ శక్తి మారుతుంది. ఆ మార్పులను బట్టి గణిత సూత్రాలు కదలికను గుర్తిస్తాయి. నడిచేవారి చేయి ముందుకు, వెనుకకు ఊగుతుంది. కుర్చీ తోసేవారి చేయి చక్రపు అంచును పట్టి, ముందుకు తోసి, వదలి, వెనుకకు మళ్ళుతుంది. రెండింటి తీరూ వేరు గనుక సూత్రాలు కూడా వేరుగా ఉండాలి.

2016లో ఆపిల్ సంస్థ తన చేతి గడియారంలో ఈ ఏర్పాటు చేసింది. అడుగులకు బదులు తోపుళ్ళను లెక్కించడం దీని ప్రత్యేకత. ‘లేచి నిలబడండి’ అనే హెచ్చరిక స్థానంలో ‘కాస్త కదలండి’ అనే అర్థం వచ్చే సూచనను ప్రవేశపెట్టారు. ఇది పనిచేయాలంటే ఫోనులోని ఆరోగ్య వివరాలలో చక్రాల కుర్చీ వాడుతున్నట్లు నమోదు చేయాలి. విద్యుత్తుతో నడిచే కుర్చీకి తోపుళ్ళ లెక్క ఉపకరించదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన మార్గదర్శకాలలో వికలాంగులకు ప్రత్యేక సూచనలు మొదటిసారిగా చోటుచేసుకొన్నాయి. పెద్దలకు వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, కనీసం రెండు రోజులు కండరాలను బలపరిచే వ్యాయామం మేలని వాటి సారాంశం. అంత చేయలేనివారికి కొద్దిపాటి కదలిక కూడా లాభమేనని ఆ సంస్థ స్పష్టం చేసింది.

అయినా పరికరం చూపే ప్రతి అంకెనూ యథాతథంగా స్వీకరించరాదు. మెడ భాగంలో వెన్నుపాము పూర్తిగా దెబ్బతిన్నవారిలో, గుండెను వేగిరపరిచే నాడులకు మెదడు నుండి సంకేతాలు అందవు. ఎంత శ్రమించినా వారి హృదయ స్పందన సాధారణంగా నిమిషానికి 130 దరిదాపులలోనే ఆగిపోతుంది. గడియారం దానిని తక్కువ శ్రమగా భావించే అవకాశం ఉన్నది. మాటలాడగలిగి, పాట పాడలేనంతటి ఆయాసమే మధ్యస్థ శ్రమకు సులభమైన గుర్తు. ఇటువంటివారికి గాయానికి దిగువ భాగాన చెమట సరిగా పట్టదు. అందుచేత గల్ఫ్ దేశాల వంటి వేడి ప్రాంతాలలో ఎండవేళ వ్యాయామం ప్రమాదకరం.

తోపుళ్ళ విషయంలో మరొక మెలకువ కావాలి. అడుగులు పెరిగితే మేలని సాధారణంగా భావిస్తాం. కాని కుర్చీ తోసేవారికి భుజాలే కాళ్ళు. అవి అరిగితే మంచం దిగడం, స్నానం చేయడం వంటి నిత్యకృత్యాలు సైతం కష్టమవుతాయి. అదే దూరాన్ని పొడవైన, నిదానమైన తక్కువ తోపుళ్ళతో దాటడం భుజాలకు క్షేమం. కాబట్టి తోపుళ్ళ సంఖ్య ఒక్కటే కాక దూరాన్ని, సమయాన్ని కూడా కలిపి చూడాలి. భుజం నొప్పి మొదలైతే లక్ష్యాన్ని పక్కన పెట్టి వైద్యుని సంప్రదించాలి.

విదేశాలలో స్థిరపడిన అనేక కుటుంబాలు ఊరిలోని తల్లిదండ్రులకు ఇటువంటి గడియారాలను కానుకగా పంపుతుంటాయి. ఆ పెద్దలలో చక్రాల కుర్చీ వాడేవారు ఉంటే, ముందుగా పరికరాన్ని వారి శరీరానికి తగినట్లు అమర్చి, అంకెల అర్థాన్ని తెలుగులో వివరించి ఇవ్వడం అవసరం. లేనిచో రోజంతా శ్రమించినవారికి సాయంత్రం ఆ కానుక చూపేది వారు ఏమీ చేయలేదన్న లెక్కనే.