గోడలను మించిన కాపలా

సోమందేపల్లి నుండి జాతీయ రహదారి వెంట ఉత్తరంగా సాగితే అనంతపురం చేరుతాం. ఆ సమీపాన రెడ్డిపల్లిలో ఆరుబయలు కారాగారం ఉన్నది. సత్ప్రవర్తన గల ఖైదీలు ఇచ్చట సేద్యం చేస్తారు. వారికి నమ్మకమే కాపలా. ఆ నమ్మకాన్ని నిలుపవలసినది కారాగార అధికారి.

ఏ కారాగారంలోనైనా ఖైదీలను లెక్కించడం, సోదా చేయడం, విచారణలో ఉన్నవారిని శిక్ష పడినవారి నుండి వేరుగా ఉంచడం అధికారుల విధులు. ఖైదీలతో క్రయవిక్రయాలు జరుపరాదని 1894 నాటి కారాగారాల చట్టం శాసించింది.

ఈ విధులకు తగిన శిక్షణ అవసరం. అందుకై 1979లో దక్షిణాది రాష్ట్రాల అధికారుల కొరకు వేలూరులో శిక్షణాలయం వెలసింది. తాళం వేయడం ఒక్కనాటిలో నేర్వవచ్చు. మనిషిని సంస్కరించుటకు ఓర్పు, వివేకం కావాలి. శిక్ష ముగిసిన ఖైదీ తిరిగి చేరేది మన ఊరికే కదా!