లీటరు పెట్రోలు లెక్క

హైదరాబాద్‌లో మా నాన్న ఆఫీసుకి కారులో ఒక్కరే వెళ్తారు. రానూపోనూ 30 కిలోమీటర్లు. లీటరుకి 15 ఇస్తుంది కాబట్టి, రోజుకి 2 లీటర్లు.

లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలోయే. కానీ కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది! ఎలా? అందులోని ప్రతి 12 గ్రాముల కార్బన్, గాలిలోని 32 గ్రాముల ఆక్సిజన్‌తో కలిసి 44 గ్రాములవుతుంది. అంటే నాన్న కారు నుంచి రోజుకి 4.6 కిలోలు.

ఈ లెక్క చూపిస్తే నాన్న, "మరి నువ్వు వీధి చివర కిరాణా కొట్టుకి బండెందుకు తీస్తావురా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు నేను నడుస్తున్నా. నాన్న వారానికి రెండ్రోజులు మెట్రో ఎక్కుతున్నారు. మెట్రోకీ కరెంటు కావాలి, నిజమే. కానీ ఆయన ఎక్కకపోయినా ఆ రైలు నడుస్తుంది. కారు మాత్రం ఆయన తీస్తేనే కదులుతుంది.

మీ ఇంటి లెక్క కూడా వేసి చూడండి.