ఎకరం నేల – ఎన్ని కార్లకు ఇంధనం? విద్యుత్, హైబ్రిడ్, పెట్రోలు వాహనాల ఆచరణీయతపై సేద్యశాస్త్ర పరిశీలన

సారాంశం

విద్యుత్ కారు, హైబ్రిడ్ కారు, పెట్రోలు కారు – వీటిలో ఏది ఆచరణీయమన్న చర్చ సాధారణంగా ధర, మైలేజీ, చార్జింగ్ సదుపాయాల చుట్టూ సాగుతుంది. పెట్రోలులో ఇథనాల్ వాటా 20 శాతానికి చేరిన నేటి పరిస్థితిలో ఈ చర్చ పంటభూమికి, సాగునీటికి, పశుదాణాకు కూడా సంబంధించినదైంది. మూడు రకాల వాహనాలను ఖర్చు, కర్బన ఉద్గారాలు, నేల, నీరు అనే నాలుగు కొలమానాలతో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వాహనం ఎంపిక వాడకాన్ని బట్టి మారవచ్చును గాని, ఇంధనం కోసం ప్రత్యేకంగా పంట పండించడం మాత్రం నేల దృష్ట్యా మిక్కిలి ఖరీదైన మార్గమని లెక్కలు సూచిస్తున్నాయి.

ఉపోద్ఘాతం

మన దేశంలో పెట్రోలులో ఇథనాల్ కలిపే కార్యక్రమం 2003లో 5 శాతంతో ఆరంభమైంది. 2022 జూన్ నాటికి 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. 2018 నాటి జాతీయ జీవ ఇంధన విధానం 20 శాతం లక్ష్యానికి 2030ని గడువుగా నిర్ణయించగా, 2022 సవరణ దానిని 2025–26కు ముందుకు జరిపింది. తొలినాళ్లలో ఇథనాల్‌కు ముడిసరుకు చక్కెర మిల్లుల మొలాసిస్. నేడు సగానికి పైగా ఇథనాల్ ధాన్యాల నుంచి వస్తున్నది. అందులో మొక్కజొన్నది పెద్ద వాటా.

ఈ నేపథ్యంలో ‘ఇథనాల్‌తో నడిచే హైబ్రిడ్ కారు ఉండగా విద్యుత్ కారు అవసరమేమిటి?’ అన్న వాదన బలపడింది. రైతుకు ఆదాయం, దేశానికి దిగుమతుల తగ్గింపు, వాహనదారుకు చార్జింగ్ చింత లేకపోవడం – ఈ మూడూ ఒకేసారి సాధ్యమని ఆ వాదన సారాంశం. దీనిని నిష్పక్షపాతంగా పరీక్షించవలసి ఉన్నది.

లెక్కలకు ఆధారమైన అంచనాలు

మధ్యతరహా కారును ప్రమాణంగా తీసుకుందాం. పెట్రోలు కారు లీటరుకు 15 కి.మీ., హైబ్రిడ్ కారు 22 కి.మీ., విద్యుత్ కారు ఇంటి ప్లగ్గు వద్ద కొలిచిన యూనిట్‌కు 6 కి.మీ. నడుస్తాయని, ఏడాది ప్రయాణం 12,000 కి.మీ. అని అనుకుందాం. ఇథనాల్ లీటరులో ఉండే శక్తి పెట్రోలులోని శక్తిలో సుమారు మూడింట రెండు వంతులు మాత్రమే. కనుక కేవలం ఇథనాల్‌తో నడిస్తే మామూలు కారు లీటరుకు 10 కి.మీ., హైబ్రిడ్ కారు దాదాపు 15 కి.మీ. నడుస్తాయి.

హైబ్రిడ్ విషయంలో ఒక అపోహను తొలగించాలి. మన దేశంలో విరివిగా లభించే హైబ్రిడ్ కార్లను ప్లగ్గుకు తగిలించి చార్జ్ చేయరు. వాటిలోని చిన్న బ్యాటరీకి వచ్చే శక్తి అంతా ట్యాంకులోని ఇంధనం నుంచే వస్తుంది. బ్రేకు వేసినప్పుడు వృథా అయ్యే శక్తిని తిరిగి పట్టుకోవడం, ఇంజను అనువైన వేగంలో పనిచేసేటట్లు చూడడం వల్లనే మైలేజీ పెరుగుతుంది. అంటే హైబ్రిడ్ ఇంధనాన్ని పొదుపు చేస్తుందే గాని, ఇంధనాన్ని మార్చదు.

ఖర్చు దృష్ట్యా

పెట్రోలు లీటరు 108 రూపాయలు, ఇంటి విద్యుత్ యూనిట్ 8 రూపాయలు అనుకుంటే కిలోమీటరుకు ఇంధన వ్యయం పెట్రోలు కారుకు 7 రూపాయల 20 పైసలు, హైబ్రిడ్‌కు 4 రూపాయల 90 పైసలు, విద్యుత్ కారుకు ఒక రూపాయి 33 పైసలు అవుతుంది. రహదారి పక్కన వేగవంతమైన చార్జింగ్‌కు యూనిట్ 20 రూపాయలు చెల్లిస్తే విద్యుత్ కారు వ్యయం కూడా 3 రూపాయల 33 పైసలకు పెరుగుతుంది.

విద్యుత్ కారు కొనుగోలు ధర పెట్రోలు కారు కంటే 4 లక్షల రూపాయలు అధికమనుకుంటే, ఇంట్లో చార్జ్ చేసుకుంటూ ఏడాదికి 12,000 కి.మీ. నడిపే కుటుంబానికి ఆ అదనపు సొమ్ము సుమారు అయిదున్నర, ఆరు ఏళ్లలో తిరిగి వస్తుంది. ఏడాదికి 5,000 కి.మీ. మాత్రమే నడిపేవారికి 13 ఏళ్లకు పైగా పడుతుంది. ఎక్కువ తిరిగే వారికే విద్యుత్ కారు లాభసాటి అన్నమాట. కాని ఒకేసారి దూర ప్రయాణం చేసేవారికి అదే ఇబ్బంది. హైదరాబాదు నుంచి విజయవాడకు సుమారు 275 కి.మీ., విశాఖపట్నానికి 600 కి.మీ. పైన. 40 కిలోవాట్ అవర్ బ్యాటరీ ఉన్న కారు మార్గమధ్యంలో ఆగి చార్జ్ చేసుకోక తప్పదు. వేసవిలో ఎయిర్ కండిషనర్ వాడకం, రహదారిపై అధిక వేగం ఆ దూరాన్ని మరింత తగ్గిస్తాయి. సొంత పార్కింగు, సొంత మీటరు లేని అపార్ట్‌మెంటువాసికి హైబ్రిడ్ నేటికి సుఖమైన ఎంపిక.

కర్బన ఉద్గారాలు

మన విద్యుత్తులో సుమారు మూడు వంతులు బొగ్గు నుంచి వస్తున్నది. ఒక యూనిట్ ఉత్పత్తికి సగటున 0.72 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. సరఫరా, పంపిణీ నష్టాలు కలిపితే విద్యుత్ కారు కిలోమీటరుకు సుమారు 145 గ్రాములకు కారణమవుతుంది. శుద్ధి కర్మాగారం వరకు లెక్కిస్తే పెట్రోలు కారుకు ఇది సుమారు 180 గ్రాములు, హైబ్రిడ్‌కు 125 గ్రాములు.

అనగా నేటి గ్రిడ్ విద్యుత్తుతో చూస్తే హైబ్రిడ్ వెనుకబడి లేదు. ఈ వాస్తవాన్ని విద్యుత్ వాహనాల సమర్థకులు అంగీకరించాలి. అయితే ఒక భేదం ఉన్నది. గ్రిడ్‌లో సౌర, పవన విద్యుత్ వాటా పెరిగేకొద్దీ అదే విద్యుత్ కారు ఉద్గారాలు ఏటేటా తగ్గుతాయి. పెట్రోలుతో నడిచే హైబ్రిడ్ కొన్ననాడు ఎంతో పదేళ్ల తర్వాతా అంతే. హైబ్రిడ్‌ను కర్బన రహితం చేయాలంటే ట్యాంకులో ఇథనాల్ పోయాలి. చర్చ పొలంలోకి వచ్చేది ఇక్కడే.

నేల దృష్ట్యా: ఒక ఎకరం లెక్క

చెరకు దిగుబడి దేశ సగటున ఎకరాకు సుమారు 32 టన్నులు. రసాన్ని నేరుగా పులియబెడితే టన్నుకు 70 లీటర్ల ఇథనాల్ వస్తుంది. అంటే ఎకరాకు 2,240 లీటర్లు. మొక్కజొన్న మంచి దిగుబడి ఎకరాకు 30 క్వింటాళ్లు, టన్నుకు 380 లీటర్ల చొప్పున 1,140 లీటర్లు.

సౌర విద్యుత్తుకు మన ప్రాంతపు ఉదాహరణ ఉన్నది. కర్నూలు జిల్లా ఓర్వకల్లు ప్రాంతంలోని 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 5,900 ఎకరాలకు పైగా విస్తరించి ఉన్నది. మెగావాటుకు ఆరు ఎకరాలు. ఒక మెగావాటు ఏడాదికి 15 లక్షల యూనిట్లు ఇస్తుందనుకుంటే ఎకరాకు రెండున్నర లక్షల యూనిట్లు. నష్టాలు 20 శాతం తీసివేస్తే 2 లక్షల యూనిట్లు ప్లగ్గుకు చేరుతాయి.

ఒక ఎకరం ఏడాదిలో నడపగల దూరం:
– మొక్కజొన్న ఇథనాల్, మామూలు కారు: 11,400 కి.మీ. (దాదాపు ఒక కారు)
– చెరకు ఇథనాల్, మామూలు కారు: 22,400 కి.మీ. (దాదాపు రెండు కార్లు)
– చెరకు ఇథనాల్, హైబ్రిడ్ కారు: 33,600 కి.మీ. (దాదాపు మూడు కార్లు)
– సౌర విద్యుత్తు, విద్యుత్ కారు: 12,00,000 కి.మీ. (వంద కార్లు)

సాగుకు, ఎరువులకు, బట్టీలకు అయ్యే ఇంధనాన్ని ఈ లెక్కలో తీసివేయలేదు. తీసివేస్తే ఇథనాల్ వాటా మరింత తగ్గుతుంది. అంచనాలను ఎవరైనా తమకు నచ్చినట్లు సవరించుకొనవచ్చును. చెరకు దిగుబడిని రెట్టింపు చేసినా, సౌర ఉత్పత్తిని సగానికి తగ్గించినా తేడా తొమ్మిది రెట్ల వరకు మిగిలే ఉంటుంది.

ఇంత అంతరానికి కారణం శాస్త్రజ్ఞులకు తెలిసినదే. చెరకు సి4 కిరణజన్య సంయోగక్రియ గల సమర్థమైన పంట. అయినప్పటికీ పొలంలో అది సూర్యశక్తిలో సుమారు ఒక శాతాన్ని మాత్రమే జీవపదార్థంగా మార్చగలదు. సౌర ఫలకం 20 శాతం వరకు విద్యుత్తుగా మారుస్తుంది. ఆపైన ఇంజను తనకందిన శక్తిలో పావువంతుకు అటూఇటూ మాత్రమే చక్రాలకు చేరవేయగా, విద్యుత్ మోటారు 80 శాతానికి పైగా చేరవేస్తుంది. రెండు మెట్లలోని తేడాలూ ఒకదానినొకటి హెచ్చించుకుంటాయి.

నీరు, ఆహారం, దాణా

ఏడాది చెరకు పంటకు వర్షంతో కలిపి 1,800 మి.మీ. నీరు అవసరమనుకుంటే ఎకరాకు సుమారు 73 లక్షల లీటర్లు. లీటరు ఇథనాల్‌కు 3,200 లీటర్లకు పైగా నీరన్నమాట. మామూలు కారు ఒక్కో కిలోమీటరు నడవడానికి 320 లీటర్ల నీరు ఖర్చవుతుంది. 500 మి.మీ. చొప్పున మొక్కజొన్నకైతే లీటరు ఇథనాల్‌కు దాదాపు 1,800 లీటర్లు.

ఈ సందర్భంలో తరచుగా ఉదహరించే దేశం బ్రెజిల్. అక్కడ 1975లో ఇథనాల్ పథకం మొదలైంది. 2003 నుంచి ఏ నిష్పత్తినైనా స్వీకరించే ఫ్లెక్స్ ఇంధన కార్లు, 2019 నుంచి ఫ్లెక్స్ హైబ్రిడ్ కార్లు వచ్చాయి. కాని బ్రెజిల్ చెరకు అధిక భాగం వర్షాధారం. మన చెరకు అధిక భాగం కాలువ నీటి మీద, బోరు బావి మీద ఆధారపడినది. వాహనాన్ని తెచ్చుకోగలము గాని, వర్షపాతాన్ని తెచ్చుకోలేము.

వర్షాభావం ఇంధనాన్ని ఎట్లా ప్రభావితం చేయగలదో 2023 చూపింది. మహారాష్ట్ర, కర్ణాటకలలో చెరకు దెబ్బతినగా ఆ ఏడాది డిసెంబరులో ఇథనాల్‌కు చెరకు రసం వాడకంపై కేంద్రం ఆంక్షలు విధించింది. ముడిసరుకు భారం ధాన్యాలపైకి మళ్లింది. మొక్కజొన్న ఎగుమతి చేసే దేశంగా పేరొందిన భారతదేశం 2024లో నికర దిగుమతిదారు అయింది. మొక్కజొన్న కోళ్ల దాణాలో ప్రధాన దినుసు. గుడ్ల ఉత్పత్తిలో అగ్రస్థానంలో ఉన్న ఆంధ్రప్రదేశ్‌కు ఇది దూరపు విషయం కాదు.

ఇథనాల్ పక్షాన చెప్పదగినది

మరో వైపును విస్మరించరాదు. మొక్కజొన్నకు కొత్త గిరాకీ ఏర్పడి రైతుకు ధర మెరుగుపడింది. ఇథనాల్ అమ్మకపు సొమ్ము త్వరగా చేతికందడం వల్ల చక్కెర మిల్లులకు రైతుల బకాయిలు చెల్లించే వీలు కలిగింది. ధాన్యం నుంచి ఇథనాల్ తీయగా టన్నుకు దాదాపు 300 కిలోల మాంసకృత్తులు గల పిప్పి దాణాగా మిగులుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, రోడ్ల మీద ఇప్పటికే ఉన్న కోట్లాది పెట్రోలు వాహనాలు రేపటికి రేపు విద్యుత్ వాహనాలుగా మారవు. వాటికి ఇంధనం కావాలి.

అందువల్ల వివాదం ఇథనాల్ ఉండాలా వద్దా అన్నది కాదు. దేని నుంచి తీయాలన్నది. చక్కెర తీసిన తర్వాత మిగిలే చివరి మొలాసిస్ నుంచి చెరకు టన్నుకు సుమారు 10 లీటర్లు వస్తుంది. చక్కెర చక్కెరగానే ఉంటుంది, అదనపు నేల, నీరు అక్కరలేదు. పానిపట్టులో 2022లో ప్రారంభమైన కర్మాగారం ఏటా 2 లక్షల టన్నుల వరిగడ్డిని ఇథనాల్‌గా మార్చడానికి ఉద్దేశించినది. తినడానికి పనికిరాని ధాన్యం కూడా ఇట్టిదే.

సౌర ఫలకాలకూ నియమం ఉండాలి. సారవంతమైన మాగాణిలో వాటిని పరచడం సమర్థనీయం కాదు. ఇళ్ల, గోదాముల కప్పులు, పంటకు అనువుగాని మెరక భూములు మొదటి ఎంపిక కావాలి. చెరకుకు కప్పు మీద చోటు లేదు. సౌర ఫలకానికి ఉన్నది.

సూచనలు

1. ఇంట్లో చార్జింగ్ సదుపాయం ఉండి, రోజుకు 30 కి.మీ. పైన, 150 కి.మీ. లోపు తిరిగేవారికి విద్యుత్ కారు అనువైనది. పగటిపూట సౌర విద్యుత్తుతో చార్జ్ చేయగలిగితే ప్రయోజనం పూర్తిగా దక్కుతుంది.
2. సొంత చార్జింగ్ లేనివారికి, తరచుగా దూర ప్రయాణాలు చేసేవారికి ప్రస్తుతానికి హైబ్రిడ్ మేలు. దానిని వారధిగా భావించాలి, గమ్యంగా కాదు.
3. చాలా తక్కువ తిరిగేవారు కొత్త వాహనం కొనడం కంటే ఉన్న పెట్రోలు కారును కండిషన్‌లో ఉంచుకోవడమే పొదుపు.
4. ఇథనాల్ గిరాకీని నమ్మి మొక్కజొన్న విస్తీర్ణం పెంచే రైతుకు, ఆ గిరాకీ ప్రభుత్వ విధానాన్ని బట్టి ఒక్క సీజనులో మారవచ్చునని విస్తరణాధికారులు ముందుగానే తెలియజేయాలి. దాణా మార్కెట్‌ను కూడా చేతిలో ఉంచుకొనే విధంగా సలహా ఇవ్వాలి.
5. బోర్లపై ఆధారపడిన ప్రాంతాలలో ఇంధనం కోసం చెరకును ప్రోత్సహించరాదు.

ముగింపు

వాహనదారు లెక్క కిలోమీటరుకు ఎన్ని రూపాయలన్న దానితో ముగుస్తుంది. సేద్య శాస్త్రజ్ఞుని లెక్క అక్కడ ముగియరాదు. ఆ కిలోమీటరుకు ఎంత నేల, ఎంత నీరు వెచ్చించామన్నది కూడా చూడాలి. కారును నడపడానికి నేడు ఒకటికంటే ఎక్కువ మార్గాలున్నాయి. మనిషికి అన్నం, కోడికి దాణా, పశువుకు మేత అందించడానికి పంటనేల తప్ప వేరు మార్గం లేదు. అందుచేత పొలం నుంచి ముందుగా ఆహారం, తర్వాత దాణా, మిగిలిన వ్యర్థాల నుంచి మాత్రమే ఇంధనం అన్న వరుసను విధాన నిర్ణయాలలోనూ, రైతులకిచ్చే సలహాలలోనూ పాటించవలసి ఉన్నది.