వాన వారంలో ఏ నాటకానికి పోవాలని అడిగితివి

మైదుకూరు,
శ్రావణ మాసం, బుధవారం.

అమ్మీ,

నిన్న రాత్రి ఫోన్‌లో నువ్వడిగిన దానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయినాను. పక్కన మీ జేజి "వానలో బయట తిరగొద్దని చెప్పు" అని ఒకటే పోరు. నువ్వేమో శుక్రవారం రవీంద్రభారతిలో సత్యహరిశ్చంద్ర, శనివారం చిక్కడపల్లి గానసభలో గాత్ర కచేరీ, ఆదివారం లామకాన్‌లో చిన్న నాటకం, ఆఫీసు స్నేహితులు మాత్రం సినిమా పాటల పెద్ద కచేరీకి టికెట్లు కొందామంటున్నారు, ఏది చూడమంటావు అబ్బా అని గుక్క తిప్పుకోకుండా అడిగితివి. ఫోన్ పెట్టేసినాక చాలాసేపు నిద్ర పట్టలేదు. మన ఇంటి పిల్లల్లో నాటకం గురించి నన్ను అడిగినదానివి నువ్వొక్కదానివే. అందుకే పొద్దున్నే కాగితం తీసుకున్నా.

ఇక్కడ ఇంకా పదును వాన పడలేదు. మోడాలు నల్లమల మీద కమ్ముకుంటాయి, సాయంత్రానికి గాలికి చెదిరిపోతాయి. అక్కడ నీకు వారం నుంచి తెరిపి లేదంటున్నావు. వానను మాత్రం విసుక్కోవద్దు తల్లీ. మనం పుట్టిన నేల అట్లాంటిది.

ముందే చెప్పేస్తున్నా, శుక్రవారం హరిశ్చంద్రకు పో. ఎందుకో చెప్తాను.

నీకు మంచి కళ్లు, మంచి చెవులు ఉన్నాయి, నాలుగూ చూడగలవు. కానీ రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని, తడిసిన చెప్పులతో వరసగా మూడు రాత్రులు హాళ్ల వెంట తిరిగితే మూడోనాడు ఏమి చూసినావో నీకే గుర్తుండదు. ఒక రాత్రి ఎంచుకుని, దానికి నిండుగా పోవాలి. ఎంచుకునేటప్పుడు నేనొకటే చూస్తాను. వాన వల్ల ఏ హాలు ఖాళీ అవుతుంది? పెద్ద కచేరీకి వాన ఒక లెక్క కాదు. టికెట్లు ముందే అమ్ముడుపోయి ఉంటాయి. వేలమందిలో నువ్వు లేకపోతే ఆ పాడేవారికి తెలియదు. వాళ్లను తప్పు పట్టడం లేదు, సినిమా పాట నాకూ ప్రాణమే. కానీ బురదలో నిలబడి, పాడే మనిషి అగ్గిపుల్లంత కనిపిస్తుంటే, పక్కనున్న పెద్ద తెర మీద చూసి రావడానికి అన్ని వేలు పొయ్యడం ఈ వారానికి వద్దు. ఇంకో నెలలో, ఎండగా ఉన్నప్పుడు పో.

హరిశ్చంద్ర లాంటి పద్యనాటకం సంగతి వేరు. తెనాలి, గుంటూరు వైపు నుంచి నటులు ట్రంకు పెట్టెలతో బస్సెక్కి వస్తారు. కిరీటాలు, భుజకీర్తులు అద్దెకు తెచ్చుకుంటారు. మధ్యాహ్నం నుంచే ముఖానికి రంగు వేసుకోవడం మొదలవుతుంది. రవీంద్రభారతి 1961లో టాగూరు శతజయంతి సందర్భంగా కట్టింది, వెయ్యి మంది దాకా పడతారు. అంత హాల్లో వాన రోజు యాభై మంది కూర్చుంటే వేదిక మీది నుంచి ఎట్లా కనిపిస్తుందో నాకు తెలుసు, నేను వేదిక మీద హార్మోనియం వాయిస్తూ కూర్చున్నవాణ్ణే.

అది ఒకసారి కర్నూలులో జరిగింది. మా బృందానిది హరిశ్చంద్రే. సాయంత్రం నుంచి కుండపోత. తెర తీసేసరికి పదకొండు మంది ఉన్నారు. మేకప్ గదిలో అందరం కూడి, పదకొండు మందికి ఇంత అవసరమా అనుకున్నాం. కాటి సీనులో జాషువా గారి పద్యాలు తీసేద్దాం, తొందరగా ముగించి రైలందుకుందాం అన్నది నేనే. అట్లే చేసినాం. నాటకం అయిపోయినాక నేను పెట్టెకు గొళ్లెం వేస్తుంటే ఒకాయన తడిసిన పంచె పిండుకుంటూ వేదిక దగ్గరికి వచ్చినాడు. "జాషువా గారి పద్యాలు వదిలేసినారే స్వామీ, వాటి కోసమే సైకిలు మీద వచ్చినా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. నేను తల ఎత్తలేకపోయినా. ముప్పై ఏళ్లు దాటింది, ఆయన ముఖం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

ఆ పద్యాల సంగతి నీకు తెలియాలి. సత్యహరిశ్చంద్ర నాటకం రాసింది బలిజేపల్లి లక్ష్మీకాంత కవి. కాటి సీనులో పాడే శ్మశానం పద్యాలు మాత్రం ఆయనవి కావు, గుర్రం జాషువా గారివి. 1895లో వినుకొండలో పుట్టి, అంటరానితనం చేతిలో పడరాని అవమానాలు పడిన కవి. రాజుకూ బికారికీ ఒకే చోటు దక్కే కాడు గురించి ఆయన రాసిన పద్యాలను నటులు తమంతట తామే తీసుకుని హరిశ్చంద్రుడి నోట పెట్టుకున్నారు. జనానికి అవి ఎంత పట్టుకున్నాయంటే, పాడకపోతే ఊరుకోరు. మన పాత టేపురికార్డర్‌లో డి.వి. సుబ్బారావు గారి కాటి సీను క్యాసెట్టు అరిగిపోయేదాకా వేసేవాణ్ణి, నువ్వు చిన్నప్పుడు ఆ గొంతుకు భయపడి జేజి కొంగులో దూరేదానివి.

వానా నాటకమూ మనకు చుట్టాలే అమ్మీ. వానలు పడకపోతే మన పల్లెల్లో విరాటపర్వం చదివిస్తారు. ధర్మరాజు ఉన్న దేశంలో సకాలానికి వానలు కురుస్తాయని అందులో భీష్ముడే అంటాడు, అందుకే ఆ నమ్మకం. నేను ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు ముంగారు పూర్తిగా తప్పిపోయింది. కె.సి. కాలువలో నీళ్లు లేవు, మొలకెత్తిన పసుపు మాడిపోతూ ఉంది. ఇక్కడికి దగ్గర్లో ఒక ఊళ్లో రామాలయంలో తొమ్మిది రోజులు విరాటపర్వం చదివించి, ఆఖరి రాత్రి మాతో హరిశ్చంద్ర పెట్టించినారు. రాత్రి రెండు దాటింది, కాటి సీను నడుస్తోంది. పెట్రోమాక్స్ గాజు మీద ఒక్క చినుకు పడి టప్పున పగిలింది. ఆ వెనకే మట్టి వాసన. ఆ తరువాత ధారగా పట్టుకుంది. జనమంతా ఒక్కసారి లేచి నిలబడినారు. ఇక అయిపోయింది, అందరూ ఇళ్లకు పోతారు అనుకున్నాం. "యాడికి పోతార్రా, కూచోండి. మన కోసరం వచ్చిన వాన ఇది" అని ఎవరో గట్టిగా అరిచినారు. గోనెపట్టలు నెత్తిన వేసుకుని అందరూ మళ్లీ కూర్చున్నారు. ఒక ముసలామె తన మీది కంబళి తీసి తెచ్చి నా హార్మోనియం మీద కప్పింది. "నువ్వు తడిచినా ఆరుతావులే నాయనా, ఇది తడిస్తే పాడైపోతాది" అనింది. ఆ కంబళి కింద చేతులు పెట్టి, మెట్లు కనిపించకుండా వేళ్ల గుర్తు మీదనే వాయించినాను. హరిశ్చంద్రుడి ఒంటి మీది బూడిద కరిగి కారిపోతోంది, ఆయన పద్యం ఆపలేదు. అంత బాగా ఆయన మళ్లీ ఎప్పుడూ పాడలేదు, నేనూ మళ్లీ అట్లా వాయించలేదు.

ఇంకొకటి గమనించినావా? మన కడప జిల్లాలో, రాయచోటి పోయే వైపు చక్రాయపేట మండలంలో సురభి అనే పల్లె ఉంది. తోలుబొమ్మలాడించే వనారస కుటుంబం వాళ్లు 1885లో ఆ ఊళ్లో ఒక పెండ్లి సందర్భంలో బొమ్మలు పక్కన పెట్టి తామే వేషాలు కట్టి ఆడినారు. వాళ్లాడిన మొదటి నాటకం కీచకవధ. అంటే విరాటపర్వం కథే. వాన కోసం చదువుకునే కథతోనే సురభి పుట్టింది. మగవాళ్లే ఆడవేషాలు వేసే కాలంలో ఆ ఇంటి ఆడవాళ్లు వేదిక మీదికి వచ్చినారు. వనారస గోవిందరావు గారి సంతతి వాళ్లే ఇప్పటికీ ఆడుతున్నారు. వాళ్ల కుటుంబాలు మీ ఆఫీసుకు దగ్గర్లోనే, శేరిలింగంపల్లిలో సురభి కాలనీలో ఉన్నాయి. వాళ్లలో బాబ్జీ అని అందరూ పిలుచుకున్న నాగేశ్వరరావు గారికి 2013లో పద్మశ్రీ వచ్చింది, 2022లో పోయినారు. నువ్వు రోజూ బస్సులో పోయే దారిలో మన జిల్లా వాళ్ల నాటకం బతుకుతోంది. వాళ్ల మాయాబజార్ ఎప్పుడు పడినా, వానైనా ఎండైనా, స్నేహితులను కూడా లాక్కుపో. ఘటోత్కచుడి నోట్లోకి లడ్లు వాటంతటవే ఎగిరిపోతుంటే మీ కంప్యూటర్ పిల్లలంతా ముందు వరసలోకి జరుగుతారు.

శనివారం కచేరీ వద్దని నేననడం లేదు. శుక్రవారం నాటి అలసట లేకపోతే పో. గానసభ పాత సంస్థ, 1966 నుంచి నడుస్తోంది, ఏదో ఒక కార్యక్రమం లేని రోజు తక్కువ. పోతే మాత్రం పావుగంట ముందే పో. వాన తేమకు మృదంగం చర్మం వదులై శ్రుతి దిగిపోతుంది. వాయించే ఆయన చిన్న రాయితో అంచు మీద కొట్టి, తల వంచి విని, మళ్లీ కొట్టి సరిచేసుకుంటాడు. ఎడమ వైపు రవ్వ ముద్ద తడి చేసి అద్దుతాడు. కచేరీ మధ్యలో కూడా రెండు మూడుసార్లు సర్దుకోవాల్సి వస్తుంది. ఎండాకాలంలో ఇదంతా నీకు కనిపించదు, వాన వారంలోనే కనిపిస్తుంది. హరిశ్చంద్రలో కూడా తబలా ఆయన చేతిలోని సుత్తిని చూడు. హార్మోనియం శ్రుతి ఉన్నచోటనే ఉంటుంది, తబలా దిగుతుంది. ఆ తేడా వస్తే పాడేవాడి ప్రాణం మీదికి వస్తుంది. హార్మోనియానికి ఉండే కష్టం ఇంకొకటి, తేమకు చెక్క ఉబ్బి మెట్లు బిగుసుకుంటాయి. నేనైతే ముందు రోజు రాత్రి పెట్టె మూత తెరిచి, లోపల బల్బు వేలాడదీసి ఆరబెట్టుకునేవాణ్ణి.

లామకాన్ గురించి నువ్వు చెప్పినదాన్ని బట్టి అది నాకు నచ్చింది. ఎవరో తమ ఇంటిని 2010 నుంచి ఊరందరి కోసం తెరిచిపెట్టినారంటే గొప్ప సంగతి. కానీ వాకిట్లో, ఆకాశం కింద ఆడే చోటు అంటున్నావు కాబట్టి ఆదివారం పొద్దున ఫోన్ చేసి కనుక్కో. లోపల ఆడతామంటే పో, వాయిదా వేసినామంటే గదిలో పడుకో. అక్కడ ఆడేది కుర్రవాళ్లు, వాళ్లకు వచ్చే వారం ఉంటుంది. శుక్రవారం పాడే ఆయనకు ఎన్ని రాత్రులు మిగిలి ఉన్నాయో ఎవరికి తెలుసు.

పోయే దారి చెప్తా. కారు పిలుచుకోవద్దు, వానలో మెహదీపట్నం దగ్గర ఇరుక్కుంటావు. రాయదుర్గంలో మెట్రో ఎక్కు, అమీర్‌పేటలో మారు, లక్డీకాపూల్‌లో దిగు. గానసభకైతే పరేడ్ గ్రౌండ్ దగ్గర మారితే చిక్కడపల్లికే తెస్తుంది. ఆఖరి రైలు ఎన్నింటికో పోయేటప్పుడే స్టేషన్లో అడుగు. రోడ్డు మీద నీళ్లు నిలిచి ఉంటే ఎంత తొందరున్నా అడుగు పెట్టొద్దు, కింద మ్యాన్‌హోల్ తెరిచి ఉందో మూసి ఉందో తెలియదు. 2020 అక్టోబరులో ఒక్క రాత్రి వానకు ఆ నగరం ఏమైందో టీవీలో చూసి మీ జేజి ఇప్పటికీ మర్చిపోలేదు. మరీ ఉధృతంగా ఉంటే పోవద్దు, నాటకం కోసం ప్రాణం మీదికి తెచ్చుకోమని నేను చెప్పను. ఒక్కదానివే కాకుండా ఇంకో అమ్మాయిని తోడు తీసుకుపో. ఏసీ హాల్లో తడి బట్టలతో కూర్చుంటే వణుకు పుడుతుంది, సంచిలో పొడి చున్నీ పెట్టుకో.

హాలు ఖాళీగా ఉంటుంది, వెనక కూర్చోవద్దు. మూడో వరసలో, హార్మోనియం ఉండే వైపు కూర్చో. పద్యంలో సమాసాలు అర్థం కాలేదని కంగారు పడొద్దు. మొదటి రెండు పాదాల్లో మాట విను, ఆఖరి పాదంలో రాగం విను. పద్యం చివరి మాట పట్టుకుని ఆయన ఎంతసేపు తిప్పుతాడో, ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో చూడు. నచ్చితే వన్స్ మోర్ అను, సిగ్గు పడొద్దు. ఆ మాట కోసమే వాళ్లు ఆ వయసులో ఆ శ్రుతిలో పాడతారు. ఫోన్ సంచిలోనే ఉండనీ, నాకోసం వీడియో తియ్యొద్దు. చప్పట్లు మాత్రం గట్టిగా కొట్టు, యాభై మంది ఉన్న హాల్లో ఒక్క జత చేతుల చప్పుడు కూడా వేదిక దాకా వినిపిస్తుంది.

అయిపోయినాక వెంటనే పరుగెత్తకు. హార్మోనియం వాయించిన ఆయన దగ్గరికి పోయి నమస్కారం పెట్టి, మా అబ్బ కూడా పెట్టె వాయించేవాడు, మైదుకూరు అని చెప్పు. ఆయన ఏ శ్రుతి పెట్టినాడో అడుగు. తరువాత, ఎంత రాత్రైనా సరే, గదికి చేరి తల తుడుచుకుని నాకు ఫోన్ చెయ్యి, మేలుకునే ఉంటా. కాటి సీనులో జాషువా గారి పద్యాలు ఎన్ని పాడినారో లెక్కపెట్టుకుని వచ్చి చెప్పు.

ఇట్లు,
మీ అబ్బ