జీవకోటిలో సహజీవనం

ప్రకృతిలో ఏ ప్రాణీ ఏకాకి కాదు. భిన్నజాతుల జీవులు సన్నిహితంగా కలసి జీవించడాన్ని సహజీవనం అంటారు. 1879లో జర్మన్ శాస్త్రవేత్త డి బేరీ దీనిని నిర్వచించినప్పుడు మేలు చేసే పొత్తునే గాక కీడు చేసే పొత్తును కూడ ఇందులో చేర్చాడు. లాభనష్టాలను బట్టి ఇది ముఖ్యంగా మూడు విధాలు.

మొదటిది అన్యోన్య సహజీవనం. వేరుశనగ మొక్కను పెకలించి చూస్తే వేళ్లపై చిన్న బుడిపెలు కనిపిస్తాయి. వాటిలోని రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందించగా, మొక్క వాటికి ఆహారాన్నిస్తుంది.

రెండవది సహభోజకత్వం. చెట్టుకొమ్మపై పెరిగే ఆర్కిడ్ మొక్క ఆధారాన్నీ, వెలుతురునూ పొందుతుందే గాని చెట్టు సారాన్ని పీల్చదు.

మూడవది పరాన్నజీవనం. మామిడిచెట్టుపై మొలచిన బదనిక కొమ్మలోనికి చొచ్చుకొనిపోయి నీటినీ, లవణాలనూ హరిస్తుంది. పచ్చని ఆకులున్నందున పిండిపదార్థాన్ని మాత్రం తానే తయారుచేసుకోగలదు.

అయితే ఈ పొత్తులు శాశ్వతమైనవి కావు. నేలలో నత్రజని ఎరువు అధికమైతే వేరుశనగ వేళ్లపై బుడిపెలు తగ్గిపోతాయి. నత్రజనిని అందించని బుడిపెలకు సోయాచిక్కుడు మొక్క ప్రాణవాయువును తగ్గిస్తుందని 2003లో వెలువడిన ప్రయోగఫలితాలు సూచించాయి. అవసరం తీరినా, ఇచ్చిపుచ్చుకోవడం ఆగినా పొత్తు సడలుతుందన్నమాట. కనుక విద్యార్థులు ఈ మూడు పేర్లనూ కంఠస్థం చేయడంతో తృప్తిపడరాదు. ప్రతి పొత్తులోనూ ఎవరు ఏమి ఇస్తున్నారు, ఏమి పొందుతున్నారు అని విచారించడమే నిజమైన అధ్యయనం.