ఉక్కపోత దేశాలకు మూటాముల్లె: మగవాళ్ల సందేహాలు

థాయ్‌లాండ్, వియత్నాం, కంబోడియా, బాలి... వీపున ఒక్క బ్యాగు తగిలించుకుని బయల్దేరాలనుకునే మగవాళ్లూ, వాళ్ల ఇంట్లోవాళ్లూ రాసిన ఉత్తరాలు ఇవి. అడిగిన తీరు వేరైనా చాలావాటికి మూలం ఒక్కటే: అక్కడ ఎండ కన్నా చెమ్మతోనే పేచీ ఎక్కువ.

సందేహం: మే నెలలో స్నేహితులతో బ్యాంకాక్, అక్కణ్నుంచి వియత్నాం వెళ్తున్నాను. 44 డిగ్రీల ఎండలో క్రికెట్ ఆడినవాణ్ని, అక్కడ 34, 35 అంటున్నారు. రెండు జీన్సులు, ఆరు కాటన్ టీషర్టులు సర్దుకున్నాను. చాలా సార్?
– ఇంజినీరింగ్ విద్యార్థి, నిజామాబాద్

సమాధానం: బరువు ఎక్కువైంది, పనికొచ్చేవి తక్కువయ్యాయి. ఒంటిని చల్లబరిచేది చెమట ఆరడం. మీ ఊళ్లో మే మధ్యాహ్నం గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. బ్యాంకాక్ గాలిలో అప్పటికే నీటి ఆవిరి నిండి ఉంటుంది. అక్కడ చెమట ఆరదు, కారుతుంది. థర్మామీటరు కొసకు తడిగుడ్డ చుట్టి గాలి తగలనిస్తే తేడా అంకెల్లో కనిపిస్తుంది. 44 డిగ్రీల ఎండ, గాలిలో 15 శాతం తేమ ఉన్నచోట అది సుమారు 23 డిగ్రీల దాకా దిగుతుంది. 34 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్నచోట 30 దగ్గరే ఆగిపోతుంది. ఒంటి సంగతీ అంతే. కాకినాడలోనో బెజవాడలోనో చుట్టాలుంటే అడగండి, ఉక్కపోత అంటే ఏమిటో చెబుతారు.

బట్టలదీ ఇదే లెక్క. జీన్స్ ప్యాంటు ఒకసారి వానలో తడిస్తే నడుంపట్టీ, జేబుల అడుగు, కుట్ల మడతలు రెండో రోజుకీ చెమ్మగానే ఉంటాయి, ఆ తర్వాత ముక్కిన వాసన పట్టుకుంటుంది. మందపాటి కాటన్ టీషర్టు కూడా నీటిని పీల్చుకుని ఓ పట్టాన వదలదు. ఆటలకు వాడే పలచటి పాలిస్టర్, నైలాన్ టీషర్టులు ఫ్యాను గాలికి కొన్ని గంటల్లోనే ఆరతాయి. కాకపోతే రోజూ ఉతక్కపోతే చంకల దగ్గర కంపు కొడతాయి. లినెన్ చొక్కాలు, పలచటి నేత చొక్కాలు మధ్యరకం. గాలి బాగా ఆడుతుంది, ముడతల సంగతి మరచిపోవాలి.

సర్దే ముందు ఇంట్లోనే పరీక్ష పెట్టండి. రాత్రి పదింటికి చొక్కా తడిపి, పిండి, బాత్రూములో తలుపు మూసి ఆరేయండి. తెల్లారి ఆరింటికి చంక కుట్టు, కాలరు మడత వేళ్లతో నలిపి చూడండి. చెమ్మ తగిలితే ఆ చొక్కా బీరువాలోనే ఉండనివ్వండి.

సందేహం: ఇరవై రోజుల ప్రయాణానికి ఎన్ని జతలు కావాలి? చౌక విమానాల్లో చేతి సామాను 7 కేజీలే అంటున్నారు.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

సమాధానం: ఇరవై రోజులకైనా, రెండు నెలలకైనా నాలుగు రోజుల బట్టలే. పర్యాటకులు తిరిగే వీధుల్లో కేజీల లెక్కన ఉతికి, మడతపెట్టిచ్చే లాండ్రీలు అక్కడ బోలెడు. అవి లేనిచోట మీరే ఉతుక్కోండి. పిండిన బట్టను పొడి తువ్వాల్లో చుట్టి గట్టిగా మెలితిప్పితే మిగిలిన నీరు చాలావరకు తువ్వాలు పీల్చేస్తుంది. దండెం మాత్రం బాత్రూములో కట్టకండి, ఫ్యానుకు ఎదురుగా కట్టుకోండి. మూట ఇలా ఉంటే చాలు:

• 35–40 లీటర్ల బ్యాగు (ఖాళీగా తూస్తే ఒకటిన్నర కేజీ దాటకూడదు)
• త్వరగా ఆరే టీషర్టులు 3, పలచటి పొడుగు చేతుల చొక్కా 1
• పలచటి నైలాన్ ప్యాంటు 1, మోకాళ్లు కప్పే షార్ట్స్ 1, ఈతకు 1
• లోదుస్తులు 4, సాక్సులు 2 జతలు
• లుంగీ, పలచటి తువ్వాలు
• రాత్రి ఏసీ బస్సుల్లో చలికి ఒక తేలికపాటి జాకెట్
• టోపీ, మడత గొడుగు, మూడు మీటర్ల నైలాన్ తాడు, క్లిప్పులు

టర్కీ టవలు వద్దు. అదొక్కటే బ్యాగులో పావువంతు తినేస్తుంది, ఆరనూ ఆరదు. కొన్ని విమాన సంస్థలు భుజానికున్న చిన్న సంచీని కూడా కలిపే తూస్తాయి, గుర్తుంచుకోండి.

సందేహం: రోజంతా నడిస్తే తొడలు ఒరుసుకుని మంట పుడుతుంది. పోయినేడాది గజ్జల్లో తామర కూడా వచ్చి తగ్గింది. అప్పుడు మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబునే వెంట తీసుకెళ్లొచ్చా?
– పేరు వద్దు, విజయవాడ

సమాధానం: పేరు దాచుకోవాల్సినంత సంగతేం కాదు, ఈ ప్రయాణాల్లో మగవాళ్లను ఎక్కువగా వేధించేది ఇదే. అయితే మీరు చెప్పినవి రెండు వేర్వేరు బాధలు.

మొదటిది ఉత్త ఒరిపిడి. చెమటకు నానిన చర్మం చర్మంతో రాసుకుంటుంది, ఆరాక మిగిలిన ఉప్పు గరుగ్గా గీస్తుంది. వదులుగా ఉండే కాటన్ డ్రాయర్లు తడిసి, ముడుచుకుని దాన్ని ఇంకా పెంచుతాయి. తొడ సగం దాకా వచ్చి ఒంటిని పట్టి ఉండే నైలాన్ బాక్సర్లు కొనుక్కోండి. ఆటగాళ్లు లోపల వేసుకునే రకం అన్నమాట. బయల్దేరే ముందు ఆ చోట వాజిలీన్ పలచగా రాయండి. మంట మొదలయ్యాక పౌడరు చల్లితే చెమటతో ముద్దకట్టి బాధ పెరుగుతుంది. గదికి రాగానే మంచినీళ్లతో కడిగి, రుద్దకుండా అద్ది, లుంగీ కట్టుకుని గాలి తగలనివ్వండి.

రెండోది ఫంగస్. ట్యూబు మీద సన్న అక్షరాలు చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్ అని ఉంటే అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే. రెండు రోజుల్లో దురద తగ్గి, నయమైపోయిందనిపిస్తుంది. ఈలోగా ఫంగస్ చాపకింద నీరులా పాకుతుంది, చర్మం పలచబడుతుంది. మన దేశంలో తామర ఇంత మొండికెత్తడానికి ఈ కలగాపులగం క్రీములు ఒక ముఖ్య కారణం. దాన్ని ఇంట్లోంచే పారేసి, వెళ్లే ముందు చర్మవైద్యుణ్ని కలిసి, స్టెరాయిడ్ లేని మందు రాయించుకోండి. మచ్చ కనబడకపోయినా చెప్పినన్ని రోజులూ రాయాలి. ఇంకొకరి తువ్వాలు వాడకండి, తడిసిన ఈత షార్ట్స్‌తో గంటల తరబడి బస్సుల్లో కూర్చోకండి.

సందేహం: నాకు అరవై దాటాయి. కంబోడియాలో అంగ్‌కోర్, తర్వాత బ్యాంకాక్, బాలి చూడాలని కోరిక. లుంగీతోనే సుఖం నాకు. అక్కడ నవ్వుతారా? గుళ్లలో రానిస్తారా?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

సమాధానం: నవ్వరు మాస్టారూ, ఆ దేశాల్లో మగవాళ్లు నడుముకు గుడ్డ చుట్టుకోవడం కొత్తేమీ కాదు. గదిలో కట్టుకోవడానికి, బస్సులో కప్పుకోవడానికి, పక్క మీద పరుచుకోవడానికి, సాయంత్రం సముద్ర స్నానానికి లుంగీని మించింది లేదు. బాలి గుళ్లలోకి నడుము కింద గుడ్డ చుట్టుకునే వెళ్లాలి, పైన నడికట్టు కూడా ఉండాలి. చాలాచోట్ల ద్వారం దగ్గరే ఇస్తారు, మీ లుంగీ మీకుంటే మరీ మంచిది.

అంగ్‌కోర్‌లో, బ్యాంకాక్ గ్రాండ్ ప్యాలెస్‌లో మాత్రం పలచటి ఫుల్ ప్యాంటు, చేతుల చొక్కా వేసుకోండి. అంగ్‌కోర్‌లో భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి, లేకపోతే అంగ్‌కోర్ వాట్ పై అంతస్తుకు ఎక్కనివ్వరు. గ్రాండ్ ప్యాలెస్‌లో మగవాళ్లకు షార్ట్స్ నిషిద్ధం. పైగా అంగ్‌కోర్ మెట్లు నిటారుగా ఉంటాయి, లుంగీతో ఎక్కితే కాలికి అడ్డం పడుతుంది. తువ్వాలు ఇక్కణ్నుంచి మోయకండి. గళ్ల నూలు బట్ట ‘క్రమా’ కంబోడియా బజార్లలో ఎక్కడైనా దొరుకుతుంది. మెడకు, తలకు, చెమటకు అన్నిటికీ అదే.

సందేహం: అక్టోబరులో వియత్నాంలోని దనాంగ్, హోయ్ ఆన్, ఆ తర్వాత మలేసియాలో తమన్ నెగారా అడవి. వాటర్‌ప్రూఫ్ బూట్లు, రెయిన్‌కోటు కొనాలా?
– బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం

సమాధానం: ముందు నెల మార్చుకునే వీలుందేమో చూడండి. మధ్య వియత్నాంలో అక్టోబరు, నవంబరు కుంభవృష్టి కాలం, హోయ్ ఆన్ వీధుల్లోకి వరద నీరు వచ్చేది కూడా అప్పుడే. ఆ దేశాలన్నిటికీ ఒకే వానాకాలం అనుకోకండి. ఫుకెట్ వైపు మే నుంచి అక్టోబరు దాకా, సముయి దీవిలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, బాలిలో నవంబరు నుంచి మార్చి దాకా వానలు.

వాటర్‌ప్రూఫ్ బూట్లు వద్దు. పైనుంచి నీళ్లు దిగాయంటే మళ్లీ బయటికి పోవు. పైభాగం జల్లెడ గుడ్డతో ఉండి, అడుగు బాగా పట్టే తేలిక బూట్లు ఒక జత, నీళ్లలో నడవడానికీ గుళ్ల దగ్గర విడవడానికీ పట్టీల చెప్పులు ఒక జత చాలు. రాత్రిపూట పాదాలు పూర్తిగా ఆరనివ్వకపోతే వేళ్ల మధ్య చర్మం తెల్లగా నాని ఊడుతుంది. పడుకునేటప్పుడు వేసుకునే పొడి సాక్సుల జతను పగలు ముట్టుకోకండి.

ఉక్కలో రెయిన్‌కోటు వేసుకుంటే వాన బయట, చెమట లోపల, రెంటికీ తడుస్తారు. ఊళ్లో గొడుగు, బండి మీద పలచటి పాంచో మేలు. బ్యాగు లోపల మందపాటి ప్లాస్టిక్ సంచి పెట్టి, అందులో బట్టలు సర్దండి. పాస్‌పోర్టును వెనక జేబులో పెట్టుకుంటే వాన అక్కర్లేదు, చెమటకే ఉబ్బుతుంది. జిప్ కవర్లో వేయండి.

తమన్ నెగారాలో జలగలుంటాయి. ప్యాంటు అంచు సాక్సుల్లోకి దోపుకోండి. పట్టుకుంటే ఉప్పు, అగ్గిపుల్ల జోలికి పోకుండా సన్నటి కొస దగ్గర గోరు జొనిపి పక్కకు తోసేయండి, కడగండి.

సందేహం: మా అబ్బాయి థాయ్‌లాండ్, సింగపూర్, దుబాయ్ చుట్టి వస్తానంటున్నాడు. ఆవకాయ, మసాలా పొడి, ఎండుకొబ్బరి కారం, నాలుగు మందులు పెట్టనా?
– గృహిణి, భీమవరం

సమాధానం: అమ్మా, నూనె తేలే ఆవకాయను చేతి సామానులో తీసుకెళ్లనివ్వరు. చెక్-ఇన్‌లో వేస్తే సీసాకు రెండు కవర్లు చుట్టండి. కందిపొడి, కరివేపాకు పొడి అయితే ఏ గొడవా లేదు. విడిగా ఎండుకొబ్బరి చిప్పలు మాత్రం వద్దు, నూనె ఎక్కువ కాబట్టి విమానంలో వాటిని మండే సరుకుగా లెక్కేస్తారు. మసాలా పొడిలో గసగసాలు అసలే వద్దు, దుబాయ్‌లో అవి మత్తుమందు చట్టం కిందికి వస్తాయి.

మందుల్లో ఓఆర్ఎస్ ప్యాకెట్లు ముఖ్యం. ప్యాకెట్ మీద ఎంత నీటికని రాసి ఉంటే అంతలోనే కలపాలి. జ్వరమొస్తే పారాసిటమాల్ చాలు. డెంగీ కాదని తేలేదాకా ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ మింగొద్దని చెప్పండి, రక్తస్రావం ప్రమాదం ఉంటుంది. డెంగీ దోమ పగలే కుడుతుంది, అందుకని 20–30 శాతం డీట్ ఉన్న దోమల మందు ఉదయమే రాసుకోవాలి. సన్‌స్క్రీన్ వాడితే ముందు అది, దానిమీద ఇది. ట్రమడాల్, కోడీన్ ఉన్న మందులు తప్పనిసరైతే ఆ దేశపు నియమాలు చూసుకుని, డాక్టరు చీటీతోనే. ఇంకో మాట చెవిలో వేయండి: థాయ్‌లాండ్, సింగపూర్‌లలో వేప్ నిషిద్ధం, నమిలే పొగాకు కూడా సింగపూర్‌లోకి తేనివ్వరు.

క్లుప్తంగా

ట్రిమ్మరా, రేజరా? (కరీంనగర్) – ట్రిమ్మర్. ఉక్కలో రోజూ నున్నగా గీస్తే గడ్డం కింద పొక్కులు లేస్తాయి. విడి బ్లేడ్లు చేతి సామానులో కుదరవు.

పవర్ బ్యాంకు ఎంతది? (తిరుపతి) – 20,000 ఎంఏహెచ్ అంటే దాదాపు 74 వాట్ అవర్లు, 100 లోపు కాబట్టి ఇబ్బంది లేదు. చేతి సామానులోనే ఉండాలి. విమానంలో దాన్ని వాడనివ్వని సంస్థలు ఇప్పుడు చాలా ఉన్నాయి.

బరువు సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది? (వరంగల్) – వారం ముందే మొత్తం సర్ది, తగిలించుకుని, మధ్యాహ్నం రెండింటికి ఒక గంట నడవండి. భుజం నొప్పెట్టిన ప్రతిసారీ ఒక వస్తువు తీసేయండి. అక్కడి బజార్లలో అన్నీ దొరుకుతాయి.